చెరువు మట్టిలో సూక్ష్మ గుల్లలు: జల్లెడ పట్టడం నుంచి పేరు పెట్టడం దాకా

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎక్కడైనా చేపల చెరువు తవ్వుతుంటే వెళ్లి గట్టు మీద పోసిన మట్టిని చూడండి. పైపొర గోధుమరంగు ఒండ్రు అయితే, దాని కింద బూడిదరంగు బంకమట్టి తగిలే చోట్లు చాలా ఉన్నాయి. ఆ బంకమట్టిలో తెల్లటి గుల్లలు అక్కడక్కడ కంటికే కనిపిస్తాయి. "ఒకప్పుడు ఇక్కడిదాకా సముద్రం ఉండేదట" అని ఊరివాళ్లు అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటికన్నా చాలా లోపలికి, కొల్లేరు దరిదాపుల్లో ఉండేదని కైకలూరు ప్రాంతపు పాత ఇసుక దిబ్బలు చెబుతున్నాయి. అయితే మీ ఊరి చెరువు అడుగున ఒకప్పుడు ఉన్నది సముద్రమా, ఉప్పుటేరా, మంచినీటి మడుగా అన్నది తేల్చడానికి కంటికి కనిపించే గుల్లలు చాలవు. ఆ పని చేసేవి చాలావరకు అర మిల్లీమీటరు కూడా లేని గుల్లలు. చెంచాడు మట్టిలో అవి వందల్లో ఉండవచ్చు.

వాటిని ఎలా బయటికి తీయాలో, ఏది ఏమిటో ఎలా గుర్తుపట్టాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట. కొత్తగా మొదలుపెట్టినవాళ్లంతా పేరు కోసం తొందరపడతారు. పేరు ఆఖరి మెట్టు. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండు: ఇది ఏ రకం జీవి వదిలిన గుల్ల? ఇది నిజంగా ఈ పొరలోదేనా? ఈ రెండూ తేలితే, లాటిన్ పేరు తెలియకపోయినా మీ మట్టి కథ చాలావరకు తెలిసినట్లే. ఇవి తేలకుండా పేరు పెడితే ఆ పేరు ఎందుకూ పనికిరాదు.

ఏమేమి కావాలి

స్టీరియో మైక్రోస్కోపు ఒకటి కావాలి. బడి ప్రయోగశాలలో గాజు పలక కింద నుంచి వెలుతురు పంపే మైక్రోస్కోపు ఈ పనికి సరిపోదు. ఈ గుల్లలను పైనుంచి వెలుతురు వేసి చూడాలి. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో వాడే రకం చక్కగా పనికొస్తుంది. 10 నుంచి 40 రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు. వెలుతురును నేరుగా నెత్తిమీద నుంచి కాకుండా ఎడమ పక్కన పైనుంచి ఏటవాలుగా పడనివ్వండి. గదుల మధ్య గీతలు, గుల్ల మీది నగిషీ నీడ పడితేనే తేలుతాయి.

63 మైక్రాన్ల జల్లెడ తప్పనిసరి. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. ఇసుకకూ, అంతకన్నా మెత్తని ఒండ్రుకూ మధ్య హద్దు ఈ 63 దగ్గరే ఉంది. వీలైతే 125, 250 మైక్రాన్ల జల్లెడలు కూడా కొనండి. టీ వడపోసే జాలి ఎంత సన్నదైనా దీనికి చాలదు. ఇవికాక సున్నా నంబరులో దొరికే అతి సన్నని చిత్రలేఖన కుంచె, నల్ల రంగు వేసిన చిన్న పళ్లెం, పెన్సిలు, కాగితం. అంతే.

మట్టి తీసేటప్పుడు

గట్టు మీద కుప్పపోసిన మట్టిలోంచి తీస్తే పొరలన్నీ కలిసిపోయి ఉంటాయి. తవ్విన గోడ నిలువుగా కనిపిస్తున్న చోటనే తీయండి, అదీ చెరువు యజమానిని అడిగి, గోడ విరిగిపడే ప్రమాదం లేదని చూసుకుని. గోడ పైముఖాన్ని ఒక అంగుళం మేర చెక్కేసి, లోపలి తాజా మట్టిని తీసుకోవాలి. కింది పొర నుంచి మొదలుపెట్టి పైకి రండి. పైనుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది పొరల మీద పడుతుంది. ఒక్కో పొర నుంచి 50, 100 గ్రాములు చాలు. ఒక్కో దానికి ఒక్కో సంచి, మధ్యలో పలుగునో చెంచానో కడగడం మరవకండి.

చీటీ రెండు రాయండి, ఒకటి సంచి లోపల, ఒకటి బయట. చోటు, లోతు, పొర రంగు, తేదీ ఉండాలి. పెన్సిలుతోనే రాయండి. పెన్ను సిరా తడికి కారిపోతుంది. ఊరూ లోతూ తెలియని గుల్ల ఎంత అందమైనదైనా దాంతో ఏమీ చేయలేం.

నానబెట్టడం, కడగడం

బంకమట్టిని తడిగా ఉన్నప్పుడే నీళ్లలో వేస్తే ముద్దలు ముద్దలుగా ఉండిపోతుంది. ముందు దాన్ని పూర్తిగా ఎండనివ్వండి. ఎండిన గడ్డను నీళ్లలో వేస్తే బుసబుసమని బుడగలు వదులుతూ తనంతట తానే విచ్చుకుంటుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. మడ అడవుల బురద లాంటి, వేళ్లూ ఆకులూ నిండిన మట్టిని ఎండబెట్టకూడదు. అందులో ఇసుక రేణువులు అతికించుకుని గోడ కట్టుకునే రకాలు ఉంటాయి; ఎండితే అవి నలిగిపోతాయి. వాటిని తడిలోనే కడిగి తడిలోనే చూడాలి.

బకెట్టు నీళ్లలో చెంచాడు బట్టల సోడా కలిపి మట్టిని రాత్రంతా నాననివ్వండి. సోడా రెండు పనులు చేస్తుంది: బంకను విడదీస్తుంది, నీళ్లలో ఆమ్లగుణం లేకుండా చూస్తుంది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి పదార్థమే. వెనిగరు, నిమ్మరసం, బాత్‌రూమ్ కడిగే ఆమ్లం, ఏదీ దాని దగ్గరికి రానివ్వకూడదు. బ్యాటరీల్లో పోసే స్వేదనజలం కూడా వద్దు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, పల్చని గుల్లలను కొరికేస్తుంది. కొళాయి నీళ్లే మేలు.

నల్లటి, కుళ్లు వాసన వచ్చే మట్టి అయితే పలుచని హైడ్రోజన్ పెరాక్సైడు కొద్దిగా వాడమని చెబుతుంటారు. వాడవచ్చు, కాని జాగ్రత్త. అలాంటి మట్టిలో సన్నని ఇనుప గంధకం రేణువులు ఉంటాయి. పెరాక్సైడు తగిలితే అవి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి, మీరు వెతుకుతున్న గుల్లలనే కరిగించేస్తాయి. నురుగు తగ్గగానే నీళ్లు పోసి కడిగేయండి. రాత్రంతా వదిలేయకండి.

నానిన మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కొద్దికొద్దిగా పోసి, సన్నని నీటి జల్లు కింద కడగండి. వేలితో నొక్కి రుద్దే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి. వేలి కింద విరిగేది గడ్డ కాదు, గుల్ల. గడ్డ విడకపోతే మళ్లీ నానబెట్టండి. జల్లెడ కింద నుంచి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మిగిలిన దాన్ని వడపోత కాగితం మీదికి తీసి, మూతపెట్టిన చోట ఆరనివ్వండి. ఓవెన్‌లో పెడితే 50 డిగ్రీలు దాటనివ్వకండి.

జల్లెడకు నీలిరంగు

దీన్ని చాలామంది దాటేస్తారు. నన్నడిగితే మొత్తం పనిలో దాటకూడనిది ఇదే. జల్లెడ తీగల మధ్య గుల్లలు ఇరుక్కుంటాయి. ఎంత కడిగినా ఒకటో రెండో ఉండిపోయి, తరువాత కడిగే మట్టిలోకి జారతాయి. మూడు మీటర్ల లోతులోది ఒక మీటరు లోతులో ప్రత్యక్షమవుతుంది. మీరు కొత్త విషయం కనిపెట్టానని సంబరపడతారు.

దీనికి విరుగుడు చవకైనది. ఒక మట్టి కడగడం అయ్యాక జల్లెడను మెథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచి తీసి, నీళ్లతో కడగండి. అక్వేరియం చేపలకు మందుగా అమ్మేది అదే మెథిలీన్ బ్లూ. తీగల్లో ఇరుక్కున్న గుల్లలు నీలంగా మారతాయి. తరువాతి మట్టిలో నీలం గుల్ల కనిపించిందంటే అది పాతదని చూడగానే తెలిసిపోతుంది. ఏరి పారేయండి.

ఏరడం

ఆరిన పొడిని 125 మైక్రాన్ల జల్లెడ మీద మరోసారి జల్లించి, పైన మిగిలిన దాన్ని చూడండి. అంతకన్నా చిన్నవాటిలో చాలావరకు పిల్ల గుల్లలు. గుర్తుపట్టడం నిపుణులకే కష్టం. పొడి ఎక్కువగా ఉంటే కాగితం మీద పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసుకుని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. అందంగా ఉన్నవాటినే ఏరుకుంటే లెక్క చెడుతుంది. భాగించి తీసుకున్న దాంట్లో ఉన్నవన్నీ, విరిగినవి సహా, లెక్కలోకి రావాలి. ఒక మట్టికి 300 గుల్లలు లెక్కపెట్టడం ఈ రంగంలో వాడుకగా వస్తున్న పద్ధతి.

నల్ల పళ్లెం మీద పొడిని ఒక్క రేణువు మందాన పరిచి, కుంచె కొసను నీళ్లలో తడిపి, పీల్చినట్టు ఒక్కొక్కదాన్ని ఎత్తండి. తడి ఎక్కువైతే గుల్ల కుంచె వెంట్రుకల్లోకి దూరి పోతుంది. తడి తక్కువైతే ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపేయండి. తుమ్ము వస్తే పక్కకు తిరగండి. కార్బన్ టెట్రాక్లోరైడులో పోస్తే గాలి నిండిన గుల్లలు పైకి తేలుతాయని పాత పద్ధతి ఒకటుంది. ఆ ద్రవం కాలేయానికి విషం, ఇంట్లో వాడకండి.

ఇది ఏ జీవిది?

ఇప్పుడు అసలు పని. పళ్లెంలో మీకు కనిపించేవి ప్రధానంగా ఐదారు రకాలు.

అన్నిటికన్నా ఎక్కువగా ఉండేవి ఫోరామినిఫెరా, పొట్టిగా ఫోరాములు. ఒకే కణం ఉన్న సముద్ర జీవులు. పెరిగేకొద్దీ గదికి గది చేర్చుకుంటూ గుల్ల కడతాయి. చుట్ట చుట్టుకున్న ఫోరామును చూస్తే బుల్లి నత్త అనిపిస్తుంది. ఈ పొరపాటు మనకే కాదు, పెద్దవాళ్లకూ తప్పలేదు. వీటికి ఫోరామినిఫెరా అని 1826లో పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త డోర్బిన్యీ వీటిని ఆక్టోపస్, నాటిలస్‌ల కుటుంబంలో కలిపాడు. ఇవి ఏకకణ జీవులని 1835లో మరో ఫ్రెంచి శాస్త్రవేత్త దుజార్దాఁ చెప్పాడు. మీరు తేల్చుకోవడానికి సులువైన ఉపాయం: విరిగిన దాన్ని చూడండి. నత్త గుల్ల లోపల మొదటి నుంచి చివరిదాకా అడ్డు లేని ఒకే గొట్టం. ఫోరాము లోపల అడ్డుగోడలు, గదులు. అందుకే విరిగినవాటిని పారేయవద్దు.

చిక్కుడు గింజ ఆకారంలో, అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉండేవి ఆస్ట్రకాడ్‌లు. రొయ్యకు దూరపు చుట్టాలు. రెండు చిప్పల మధ్య జీవి ఉంటుంది. వీటిని పిల్ల ఆల్చిప్పలు అనుకోవడం మామూలే. తేడా పైన ఉన్న గీతల్లో ఉంది. ఆల్చిప్ప అంచున కొత్త సున్నం చేర్చుకుంటూ పెరుగుతుంది కాబట్టి దాని మీద ఒకదాని చుట్టూ ఒకటిగా పెరుగుదల గీతలు ఉంటాయి. ఆస్ట్రకాడ్ కుబుసం విడిచినట్టు మొత్తం చిప్పను వదిలేసి కొత్తది కట్టుకుంటుంది. ఆ గీతలు దానికి ఉండవు. చిప్పను వెల్లకిలా తిప్పి చూస్తే నడిమి భాగంలో కండరాలు అతుక్కున్న చుక్కల గుంపు, పై అంచున బందు కనిపిస్తాయి. వీటి జాతులను వేరుచేసేది ఎక్కువగా ఈ లోపలి గుర్తులే. మంచినీటి రకాలు చాలావరకు నున్నగా పల్చగా ఉంటాయి, సముద్రపువాటిలో మందపాటి, వలలాంటి నగిషీ ఉన్నవి ఎక్కువ. మినహాయింపులు లేకపోలేదు.

గుండ్రంగా, అయిదు కట్లు ఎడమవైపుగా మెలితిరిగి పైకి ఎక్కిన గింజ కనిపిస్తే అది జంతువుదే కాదు. కారా అనే నీటిమొక్క గింజకు పట్టిన సున్నపు తొడుగు. అది పెరిగేది ప్రధానంగా మంచినీళ్లలో, కాస్త ఉప్పదనం ఉన్న నీళ్లలో. సముద్రపు మట్టిలో కనిపిస్తే ఏదో ఏరు మోసుకొచ్చిందనుకోవాలి.

మిగతావి త్వరగా చెబుతాను. గాజులా పారదర్శకంగా ఉండి విరిగిపోయే గొట్టాలూ చుట్టలూ టెరోపాడ్‌లు, అంటే నీటిలో ఈదే నత్తలు. నిలువు గాళ్లు పడ్డ సన్నని కడ్డీలు సముద్రపు ముళ్లజీవుల ముళ్లు. చేప చెవి రాళ్లు, నాచుజంతువుల (బ్రయోజోవా) ముక్కలు కూడా తగులుతాయి. గుల్లలా కనిపించి కానివీ ఉంటాయి: పురుగుల మలపు గుళికలు, అభ్రకపు రేకలు, గడ్డి విత్తనాలు. పరిపూర్ణంగా గుండ్రంగా, నున్నగా మెరిసే గాజు గుండ్లు కనిపిస్తే అనుమానించండి. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదలో అలాంటివి కోకొల్లలు. లోతు మట్టిలో అవి దొరికాయంటే మీ మట్టిలో ఇప్పటి దుమ్ము కలిసిందన్నమాట. గుండ్రటి ఫోరాము ఒకటి నిజంగానే ఉంది, ఆర్బులినా. కాని దాని ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి, మెరుపు తక్కువ.

ఇంకా సందేహం ఉంటే, అదే రకం ఇంకొకటి ఉన్నప్పుడు మాత్రమే, పళ్లెం బయట ఒకదాని మీద పలుచని ఆమ్లపు చుక్క వేయండి. సున్నపు గుల్ల పొంగుతుంది. ఇసుక రేణువుల గోడ పొంగదు.

ఫోరామును చదవడం: గోడ, గదులు, ద్వారం

ఫోరాముల్లో ఏది ఏదో తేల్చడానికి ఈ మూడింటినీ ఇదే వరసలో చూడాలి.

మొదట గోడ. ఇసుక రేణువులు అతికించి కట్టిన గరుకు గోడ అయితే ఒక తెగ. పింగాణీలా పాలతెల్లగా, మెరుస్తూ, రంధ్రాలు లేకుండా ఉంటే రెండో తెగ. గాజులా కాస్త పారదర్శకంగా, సన్నని రంధ్రాలతో ఉంటే మూడో తెగ. మట్టిలో చాలాకాలం ఉన్న గాజుగోడ కూడా తెల్లబడుతుంది కాబట్టి ఒక్కదాన్ని చూసి నిర్ణయించకండి, బాగా మిగిలినదాన్ని వెతకండి.

తరువాత గదుల అమరిక. గదులు ఒకే వరసలో ఉన్నాయా, రెండు వరసల్లో అటొకటి ఇటొకటిగా ఉన్నాయా, మూడు వరసల్లోనా, చుట్ట చుట్టుకున్నాయా? చుట్ట అయితే గుల్లను కుంచెతో బోర్లా తిప్పండి. రెండు వైపులా ఒకేలా ఉంటే అది ఒకే తలంలో చుట్టుకున్నది. ఒక వైపు చుట్లన్నీ కనిపించి, రెండోవైపు చివరి చుట్టు మాత్రమే కనిపిస్తే అది మెట్లచుట్ట. గీతలు కనిపించకపోతే పలుచని వంటరంగు నీళ్ల చుక్క వేయండి. రంగు గదుల మధ్య గాళ్లలోకి దిగి, గీసినట్టు చూపిస్తుంది.

చివరగా ద్వారం. ఆఖరి గదిలో జీవి బయటికి వచ్చే కన్నం ఎక్కడుంది, గుండ్రమా చీలికా, లోపల పన్నులాంటిది ఉందా? ద్వారం మట్టితో పూడిపోయి ఉంటుంది. తడి కుంచెతో ఓపికగా శుభ్రం చేయాలి.

ఈ పద్ధతిని మన డెల్టా మట్టిలో తరచు కనిపించే అమ్మోనియా అనే ఫోరాము మీద వాడి చూద్దాం (పేరు ఒకటే, వాయువు కాదు). గోడ గాజు తరహా. ఒక వైపు నుంచి చూస్తే చిన్న గదులతో మొదలై పెరుగుతూ పోయే రెండు మూడు చుట్లు పూర్తిగా కనిపిస్తాయి. బోర్లా తిప్పితే ఆఖరి చుట్టు గదులే ఉంటాయి. వాటి మధ్య గాళ్లు నడిమికి వచ్చేసరికి లోతుగా, వెడల్పుగా తెరుచుకుంటాయి. సరిగ్గా మధ్యలో తరచు ఒక సున్నపు బొడిపె ఉంటుంది. ద్వారం అడుగువైపు అంచున సన్నని చీలిక. ఇన్ని చూశాక "అమ్మోనియా" అని ధైర్యంగా రాయవచ్చు. "అమ్మోనియా బెకారీ" అని మాత్రం కళ్లు మూసుకుని రాయకండి. బెకారీ అన్నది లిన్నేయస్ 1758లో ఇచ్చిన పేరు. ప్రపంచంలో ఎక్కడ ఏ అమ్మోనియా దొరికినా చాలాకాలం ఆ పేరే తగిలించారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక అందులో చాలా వేర్వేరు జాతులు ఉన్నాయని తేలింది.

దాని పక్కనే ఎల్ఫిడియం ఉంటుంది. అదీ గాజుగోడే, కాని రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గదుల మధ్య గాళ్ల మీద కుట్లు వేసినట్టు చిన్న చిన్న వంతెనలు వరసగా కనిపిస్తాయి. పాలతెల్లటి పింగాణీ గోడతో, పొడవాటి గదులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, ద్వారంలో పన్ను ఉంటే అది మిలియోలిడ్ తెగ. బయటికి ఎన్ని గదులు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి: అయిదైతే క్విన్క్వెలోక్యులినా, అది ఒక వైపు నుంచి నాలుగుగా, రెండో వైపు నుంచి మూడుగా కనిపిస్తుంది. మొత్తం మూడైతే ట్రైలోక్యులినా, రెండైతే పైర్గో. బంగాళాఖాతపు తీరం నుంచి కాస్త లోపలి ఇసుకలో మూడు ముళ్లు మూడు దిక్కులకు చాచిన ఆస్టెరోరొటాలియా ట్రైస్పినోసా దొరికితే ఎవరినీ అడగనక్కర్లేదు, దాన్ని మరొకటి అనుకోవడమే కష్టం.

గుల్లలు చెప్పే నీళ్ల కథ

అమ్మోనియా, ఎల్ఫిడియం రెండే మందలుగా ఉండి మిగతావి లేకపోతే ఉప్పు తగ్గి పెరిగే నీళ్లు: ఏటి ముఖం, ఉప్పుటేరు, పులికాట్ లాంటి సరస్సు. రకాలు తక్కువ, సంఖ్య ఎక్కువ. అలాంటి చోట బతకగలిగేవి కొన్నే కాబట్టి ఆ కొన్నీ విపరీతంగా పెరుగుతాయి. రకాలు పెరిగి మిలియోలిడ్‌లు, ముళ్ల రకాలు చేరితే సముద్రపు ఉప్పదనం వచ్చినట్టు. ఇసుక గోడ కట్టే ట్రోకమ్మినా, మిలియమ్మినాలే ఉంటే కోరింగ లాంటి మడ బురద. ఫోరాములు అసలే లేకుండా నున్నటి ఆస్ట్రకాడ్‌లు, కారా గింజలు ఉంటే మంచినీళ్లు.

ఉబ్బిన గదుల గ్లోబిజెరినా లాంటివి సముద్రపు పైనీళ్లలో తేలుతూ బతికేవి. ఒడ్డు నుంచి లోతుకు పోయేకొద్దీ అడుగు మట్టిలో వీటి వాటా పెరుగుతుంది. ఒకటి రెండు దొరికితే మాత్రం "ఇక్కడ లోతైన సముద్రం ఉండేది" అని చెప్పేయకండి. ఆటుపోట్లూ తుఫాన్లూ వాటిని ఏటి లోపలికి నెట్టుకొస్తాయి.

ఏమీ దొరకకపోవడం కూడా ఒక ఫలితమే, కాని దాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. నిజంగానే అక్కడ గుల్లల జీవులు లేవేమో. లేదా ఆకులు కుళ్లిన ఆమ్లగుణం గుల్లలను కరిగించేసిందేమో. సున్నపు గుల్లల మీద కొరికిన గుంటలు, అంచులు కరిగిపోయిన చివరి గదులు, వాటి మధ్య చెక్కుచెదరని ఇసుక గోడలు కనిపిస్తే రెండోదే జరిగిందని అనుకోవచ్చు.

ఈ గుల్ల ఈ పొరదేనా?

నది పాత పొరలను కోసుకుంటూ వస్తుంది. సముద్రం ఇసుకను ముందుకూ వెనక్కూ తోస్తుంది. కాబట్టి ఒకే చెంచాలో వేర్వేరు కాలాల గుల్లలు ఉండడం వింతేమీ కాదు. తీర్పు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

ఒకే రకం గుల్లల్లో కొన్ని తాజాగా మెరుస్తూ, కొన్ని గోధుమరంగు తిరిగి, ముళ్లూ అంచులూ అరిగిపోయి ఉన్నాయా? అరిగినవి ఎక్కడి నుంచో వచ్చినవి, విడిగా లెక్కపెట్టండి. గుల్లలన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయా? అయితే నీటి వాలు వాటిని జల్లించి తెచ్చిపోసిందన్నమాట. ఒకేచోట బతికి చచ్చిన గుంపులో పిల్లలూ పెద్దవీ కలిసి ఉండాలి.

ఇక్కడ ఆస్ట్రకాడ్‌లు మంచి సాక్షులు. సాధారణంగా ఒక ఆస్ట్రకాడ్ పెద్దదయ్యేలోపు ఎనిమిది సార్లు చిప్పలు విడుస్తుంది. అంటే ఒకే జీవి వదిలే చిప్పల్లో ఎక్కువ భాగం పిల్ల చిప్పలే. మీ పళ్లెంలో చిన్నా పెద్దా అన్ని సైజులూ ఉండి, రెండు చిప్పలూ విడిపోకుండా మూసుకుని ఉన్నవి కూడా కనిపిస్తే అవి అక్కడివే. పెద్ద చిప్పలు మాత్రమే, అదీ విడివిడిగా ఉంటే నీళ్లు చిన్నవాటిని తీసుకుపోయాయి, లేదా వీటినే ఎక్కడి నుంచో తెచ్చాయి.

చెరువు అడుగున పైపైన తీసిన మట్టి అయితే ఇప్పుడు బతికున్నవాటినీ పాతవాటినీ విడదీయాలి. అప్పుడే తీసిన మట్టిని రోజ్ బెంగాల్ అనే రంగు కలిపిన ఆల్కహాలులో రెండు వారాలు ఉంచితే, తీసేనాటికి జీవం ఉన్నవాటి లోపలి పదార్థం గులాబీరంగుకు తిరుగుతుంది. లోతు పొరల మట్టికి ఈ శ్రమ అక్కర్లేదు.

రాతిలో ఉన్నవాటి సంగతి

రాజమండ్రి చుట్టుపక్కల కాతేరు, పంగిడి, దుద్దుకూరు వైపు నల్లరాతి క్వారీల్లో లావా పొరల మధ్య సున్నపురాయి, మట్టి పొరలు ఉన్నాయి. వాటిలోని గుల్లల మీద భూగర్భ పరిశోధన చేసిన మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాశాడు. అక్కడి మెత్తటి మట్టి పొరలు పైన చెప్పినట్టు నానతాయి. గట్టి సున్నపురాయి నానదు. దాన్ని కోసి, గాజు పలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి చూడాలి. అప్పుడు మీకు గుల్ల కాక గుల్ల కోత కనిపిస్తుంది. ఒకే జాతి, కోసిన కోణాన్ని బట్టి పది రకాలుగా కనిపిస్తుంది. దీన్ని ఇంట్లో మొదలుపెట్టమని నేను చెప్పను.

కాని ఇంత చిన్న గుల్ల ఎంత దూరం తీసుకుపోతుందో ఆ క్వారీలే సాక్ష్యం. భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో అక్కడి కింది లావా పొర మీదనే ఉన్న మట్టిలో, డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన తేలే ఫోరాములను చూపించింది. అంటే ఆ కింది లావా ప్రవాహాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహా వినాశనం దగ్గరకు వచ్చేసరికి ముగిశాయని వాళ్ల వాదన. లావా ఎప్పుడు ఆగిందన్న వాదనకు ఆధారం ఆవగింజలో పదోవంతు లేని గుల్ల.

పేరు రాయడం, దాచడం

ఫోటో మూడు వైపుల నుంచి తీయండి: చుట్లు కనిపించే వైపు, బోర్లా వైపు, అంచు నుంచి. పక్కన కొలత గీత ఉండాలి. ఒక్క వైపు ఫోటో పంపి "ఇది ఏమిటి" అని అడిగితే తెలిసినవాళ్లు కూడా చెప్పలేరు. పోల్చుకోవడానికి చాలెంజర్ అనే సముద్ర పరిశోధన నౌక తెచ్చిన ఫోరాముల మీద హెచ్.బి. బ్రేడీ 1884లో ప్రచురించిన చిత్రఫలకాలు ఇప్పటికీ వాడతారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బొమ్మలు నమ్మండి, పేర్లు మాత్రం వద్దు. చాలా పేర్లు మారాయి. ఇప్పటి పేరుకు సముద్ర జీవుల ప్రపంచ పట్టిక వోర్మ్స్‌లో, తేలే ఫోరాములకు మైక్రోటాక్స్‌లో చూడండి.

పేరు ఎంతవరకు తెలిస్తే అంతవరకే రాయండి. ప్రజాతి (లాటిన్ పేరులో మొదటి మాట) తెలిసి జాతి (రెండో మాట) తేలకపోతే "ఎల్ఫిడియం, జాతి తేలలేదు" అనాలి. ఒకే ప్రజాతిలో మీకు రెండు రకాలు కనిపిస్తే "ఎల్ఫిడియం 1, ఎల్ఫిడియం 2" అని విడిగా లెక్కపెట్టి, రెంటి మధ్య మీరు చూసిన తేడాను ఒక వాక్యంలో రాసిపెట్టండి. తరువాత ఎవరైనా సరిదిద్దాలంటే ఆ వాక్యమే దారి.

గుల్లలను నల్ల కాగితపు గుంట ఉన్న అట్ట స్లైడులో, నీటికి కరిగే జిగురుతో అతికించండి. అలా అయితే రేపు తడిపి తిప్పి చూసుకోవచ్చు. ఫెవిక్విక్ లాంటివి వద్దు. చెక్క పెట్టెలో, దూదిలో దాచకండి. చెక్క నుంచి మెల్లగా వెలువడే ఆమ్లపు ఆవిరికి గుల్లల మీద తెల్లటి పొడి పుట్టి, కొన్నేళ్లలో రాలిపోతాయి. ప్లాస్టిక్ డబ్బా మంచిది. వానాకాలంలో తేమ చేరకుండా సిలికా జెల్ పొట్లం ఒకటి అందులో వేసి, దాని గుళికలు రంగు మారినప్పుడల్లా మార్చండి.